కూర్చున్నవాడి కాళ్ళు

(హైదరాబాద్‌లో పక్షులను చూసేవాళ్ళు, కొండలెక్కేవాళ్ళు కలుసుకున్న ఒక ఆదివారం సభలో, సైన్యంలో వైద్యురాలిగా పనిచేసి రిటైరైన వక్త చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా అచ్చుకు సరిపడేలా దిద్దాం.)

అందరికీ నమస్కారం. మీలో కొంతమంది పొద్దున్నే అమీన్‌పూర్ చెరువు గట్టు మీద తిరిగి, అటునుంచి అటే ఇక్కడికి వచ్చినట్టున్నారు. బూట్లు చూస్తే తెలుస్తోంది. గడ్డి మీది మంచుకు కాన్వాసు నల్లగా తడిసిపోయింది. ఒక్కసారి బూటు లోపల వేళ్ళు కదిపి చూడండి. చల్లగా ఉన్నాయి కదా? ఒంటి మీద స్వెట్టరుంది, తలకు మంకీ క్యాప్ ఉంది. కాళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఇప్పటివరకూ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరిలో 6.1 డిగ్రీలు. ఇవాళ అంత చలి కూడా లేదు. అయినా మీ వేళ్ళు మొద్దుబారాయి. ఎందుకు?

ఆ ప్రశ్న నన్ను మొదట అడిగింది మా కాలనీ అబ్బాయి. మిన్నెసోటాలో ఉద్యోగం. పోయిన డిసెంబరులో ఇంటికొచ్చినప్పుడు కలిశాడు. అక్కడ నవంబరులో జింకల వేట సీజన్ ఉంటుంది. లైసెన్సు తీసుకుని, దూరం నుంచి కనపడేలా నారింజ రంగు కోటు వేసుకుని, చెట్టుకు కట్టిన ఇనుప మంచె మీద తెల్లవారకముందే ఎక్కి కూర్చోవాలి. ఆఫీసులో తోటివాళ్ళతో ఇతనూ వెళ్ళాడట. "డాక్టరాంటీ, మూడు వందల డాలర్లు పెట్టి బూట్లు కొన్నా. మైనస్ నలభైకి కూడా పనికొస్తాయని డబ్బా మీద రాసుంది. అక్కడ మైనస్ పది కూడా లేదు. గంట తిరక్కుండానే వేళ్ళు తెలియడం మానేశాయి. బూట్లు నకిలీవా?" అన్నాడు.

నేను మూడు ప్రశ్నలు అడిగాను. మంచె దగ్గరికి ఎలా వెళ్ళావు? "కారు దిగి మైలున్నర నడిచాను, చీకట్లో ఆలస్యమైపోతోందని గబగబా." ఏ బూట్లతో నడిచావు? "అవే బూట్లతో." ఎన్ని సాక్సులు వేసుకున్నావు? "మూడు జతలు, లేసులు గట్టిగా బిగించి."

బూట్లు నకిలీవి కావు. అతను చెప్పిన ఆ మూడు జవాబుల్లోనే మొత్తం సంగతి ఉంది. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ మూడింటి గురించే.

ఒక మాట ముందే చెప్పాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఆ చట్టం ఉండాలనే నేను నమ్ముతాను. ఈ గదిలో ఎవరూ తుపాకీ పట్టుకోరు. కానీ జనవరిలో మీలో ఎనిమిది మంది లద్దాఖ్ వెళ్తున్నారు. హెమిస్ నేషనల్ పార్కులో మంచు చిరుతను చూడాలని, రుంబక్ లోయలో ఒక రాతి పక్కన బైనాక్యులర్స్ పట్టుకుని గంటలకొద్దీ కదలకుండా కూర్చోబోతున్నారు. కాళ్ళ సంగతికొస్తే వేటగాడికీ మీకూ తేడా ఏమీ లేదు. ఇద్దరూ చెమట పట్టేలా నడుస్తారు, ఆ తర్వాత రాయిలా కూర్చుంటారు. ట్రెక్కింగ్ చేసేవాడికి ఈ కష్టం లేదు, నడుస్తూనే ఉంటాడు కాబట్టి. నడిచేవాడి కాళ్ళు వేరు, కూర్చున్నవాడి కాళ్ళు వేరు. దుకాణంలో బూట్లు అమ్మేవాళ్ళు ఈ తేడా అడగరు.

నాకు ఈ విద్య మొదట నేర్పింది సైన్యం కాదు, మా తాత. మాది పాత ఆదిలాబాద్ జిల్లా. చలికాలంలో తెలంగాణ మొత్తంలో ముందుగా వణికేది ఆ వైపే. జొన్నచేలో పొద్దున చిలకలు, రాత్రి అడవిపందులు. చేను కావలికి తాత మంచె మీద పడుకునేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ వెంటపడి వెళ్ళేదాన్ని. ఇంటి నుంచి చేనుదాకా గట్ల మీద మంచుగడ్డిలో నడక. మంచె ఎక్కగానే తాత చేసే మొదటి పని కుంపటి రాజేయడం కాదు. భుజం మీది తువ్వాలుతో కాళ్ళు తుడుచుకోవడం. వేళ్ళ సందులు కూడా ఒక్కొక్కటే తుడిచేవాడు. నా కాళ్ళూ తుడిచేవాడు. తర్వాత ఒక గోనెసంచిలో ఎండు వరిగడ్డి సగం దాకా నింపి అందులో కాళ్ళు పెట్టమనేవాడు. దాని మీద గొంగడి. "కాళ్లు తడుంటే పానం నిమ్మళం ఉండదు బిడ్డా" అనేవాడు. తెల్లారేదాకా నా కాళ్ళు వెచ్చగా ఉండేవి. అప్పట్లో అది గడ్డి మహిమ అనుకున్నాను. తుడవడంలోనే సగం మహిమ ఉందని నలభయ్యేళ్ళు దాటాక తెలిసింది.

ఇప్పుడు ఒంటి లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మన గుండె, మెదడు, పేగులు 37 డిగ్రీల దగ్గర ఉండాలి. అందులో రాజీ లేదు. చలి తగలగానే శరీరం ఒక లెక్క వేసుకుంటుంది. ఉన్న వేడిని ఎక్కడ దాచాలి, ఎక్కడ వదిలేయాలి? చేతివేళ్ళు, కాలివేళ్ళు, చెవులు, ముక్కు, వీటికి వెళ్ళే రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. వేడి రక్తం లోపలే తిరుగుతుంది. కరువు రోజుల్లో కాలువ చివరి పొలానికి నీళ్ళు రానట్టు, గుండెకు అన్నిటికంటే దూరంగా ఉన్న కాలివేళ్ళకు మొదట ఆగిపోతుంది. పైగా పాదంలో సొంతంగా వేడి పుట్టించే కండ చాలా తక్కువ. పాదాన్ని ఆడించే పెద్ద కండరాలు పిక్కలో ఉంటాయి, తాళ్ళలాంటి స్నాయువులతో పాదాన్ని లాగుతాయి. కాబట్టి పాదానికి వేడి అంటే పైనుంచి వచ్చే రక్తమే. బూటు వేడిని పుట్టించదు. సాక్సు కూడా పుట్టించదు. వచ్చిన వేడిని పట్టి ఉంచడమే వాటి పని. రాని వేడిని అవి ఎక్కడి నుంచి తెస్తాయి?

అందుకే కాళ్ళు చల్లబడ్డాయని చెప్పినవాళ్ళను నేను మొదట మెడ గురించి అడుగుతాను. మఫ్లర్ ఉందా? టోపీ ఉందా? పొద్దున ఏమైనా తిన్నావా? తొడలకూ పిక్కలకూ థర్మల్స్ ఉన్నాయా? నడుము కింద ఒక్క జీన్స్ ప్యాంటు వేసుకుని, పైన మూడు జాకెట్లు తొడిగి, కాళ్ళకు ఖరీదైన బూట్లు వేసినవాళ్ళను చాలామందిని చూశాను. రక్తం కిందికి వెళ్ళే దారంతా చల్లబడుతుంటే బూటు ఏం చేస్తుంది? తల ద్వారానే ఒంట్లో సగం వేడి పోతుందని అంటారు, అది నిజం కాదు. తల విస్తీర్ణం ఎంతో అంతే పోతుంది. అయినా టోపీ పెట్టుకోండి, ఎందుకంటే మిగతా ఒళ్ళంతా కప్పుకుని దాన్ని ఒక్కదాన్నే వదిలేయడం అన్యాయం.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ఒక విషయం ఉంది. చలికి ముడుచుకున్న నాళాలు అలాగే ఉండిపోవు. అయిదు పది నిమిషాల తర్వాత కాసేపు తెరుచుకుని వేడి రక్తం పంపి, మళ్ళీ ముడుచుకుంటాయి. మళ్ళీ తెరుచుకుంటాయి. ఐస్ నీళ్ళలో వేలు పెట్టి ఉంచితే, కాసేపు నొప్పి, ఆ తర్వాత ఉన్నట్టుండి వెచ్చదనం వస్తుంది, అదే ఇది. 1930లో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు దీన్ని వివరించాడు. వేలి ఉష్ణోగ్రత పైకీ కిందికీ ఊగుతూ సరైన చోటును వెతుక్కుంటున్నట్టు ఉంటుంది కాబట్టి దీనికి 'హంటింగ్ రియాక్షన్' అని పేరు వచ్చింది. వేట స్పందన అనుకోండి. వేటగాడి కాలివేళ్ళలో శరీరం చేసే వేట అది. ఒళ్ళు మొత్తం వెచ్చగా ఉన్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. ఒళ్ళు చల్లబడితే మందగిస్తుంది. అంటే మళ్ళీ మెడ దగ్గరికే, మఫ్లర్ దగ్గరికే వచ్చాం.

సరే, ఇప్పుడు చెమట. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టే వేడి పాతకాలపు 100 వాట్ల బల్బు పాటిది. బరువు మోస్తూ గబగబా నడిస్తే దానికి మూడు నాలుగు రెట్లు. ఆ వేడిని వదిలించుకోవడానికి చెమట పడుతుంది. అరికాళ్ళలో చెమట గ్రంథులు ఒంట్లో మిగతా చాలా చోట్ల కంటే దట్టంగా ఉంటాయి. పైగా పాదం మూసిన పెట్టెలో ఉంది. ఆ చెమట ఎక్కడికి పోతుంది? సాక్సులోకి. సాక్సు నుంచి బూటు లోపలి దూదిలాంటి పొరలోకి. మనకు వెచ్చదనం ఇచ్చేది ఆ పొరలోని దారాలు కాదు, దారాల మధ్య చిక్కుకున్న గాలి. ఆ గాలి స్థానంలో నీళ్ళు వచ్చి చేరాయి. నీళ్ళు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తాయి. నడుస్తున్నంతసేపూ ఈ సంగతి తెలియదు, ఒళ్ళు కొలిమిలా మండుతోంది కాబట్టి. కూర్చున్న ఇరవై నిమిషాలకు తెలుస్తుంది.

దీనికి ఒక చరిత్ర ఉంది, వేట చరిత్రే. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో లియన్ లియన్‌వుడ్ బీన్ అనే వ్యాపారి వేటకు వెళ్ళి కాళ్ళు తడిసి, చలికి విసిగి ఇంటికొచ్చాడు. తోలు బూట్లు బరువు, తడిస్తే ఆరవు. రబ్బరు బూట్లు తడవవు గానీ నడవడానికి కుదరవు. రెండిటినీ కలిపి, కింద రబ్బరు, పైన తోలు కుట్టించి 1912లో అమ్మాడు. మొదటి 100 జతల్లో 90 జతలు కుట్టు ఊడి తిరిగొచ్చాయి. అందరికీ డబ్బు తిరిగిచ్చి, బూటు మెరుగుపరిచి మళ్ళీ అమ్మాడు. మంచులో, బురదలో తిరిగే వేటగాళ్ళకు అది వరమే. బయటి నీళ్ళు లోపలికి రావు.

కానీ లోపలి నీళ్ళు? అదే పద్ధతిలో, కింద రబ్బరు, పైన తోలు ఉన్న షూపాక్ బూట్లను 1950 చలికాలంలో కొరియాలో అమెరికా సైనికులకు ఇచ్చారు. చోసిన్ జలాశయం దగ్గర చలి మైనస్ 30 దాటింది. సైనికులు కొండలెక్కినప్పుడు రబ్బరు లోపల పాదాలు చెమటలో నానాయి. కందకంలో ఆగి కూర్చోగానే ఆ చెమట బూట్లోనే గడ్డకట్టింది. వేలమందికి కాళ్ళు చలికి దెబ్బతిన్నాయి. శత్రువు తూటా తగలకుండానే నడవలేని స్థితికి వచ్చారు. ఆ తర్వాత వాళ్ళు వాడిన బూటు వేరు. ఉన్నిపొరను రెండు రబ్బరు పొరల మధ్య పూర్తిగా మూసేశారు. బయటి నీళ్ళూ చేరవు, లోపలి చెమటా చేరదు. పాదం చెమ్మగా ఉంటుంది గానీ ఉన్ని పొడిగా ఉంటుంది కాబట్టి వెచ్చగానే ఉంటుంది. చూడ్డానికి ఉబ్బుగా ఉంటాయని వాటిని మిక్కీ మౌస్ బూట్లు అన్నారు. ఇంత చరిత్ర ఎందుకు చెప్పానంటే, మిన్నెసోటా అబ్బాయి మైలున్నర నడిచి చేసింది చిన్న ఎత్తున అదే పొరపాటు.

ఆ పొరపాటు నేనూ చేశాను. లద్దాఖ్‌లో నా మొదటి చలికాలం. పైన ఒక పోస్టులో జవానుకు ఊపిరి అందడం లేదని కబురొచ్చింది. ఆదుర్దాలో పరుగు నడకతో ఎక్కాను. చేరేసరికి వీపు, పాదాలు చెమటతో ముద్దయ్యాయి. రోగి పక్కన దాదాపు రెండు గంటలు కూర్చుండిపోయాను. మొదట వేళ్ళు మండాయి, తర్వాత సూదులు గుచ్చినట్టయింది, ఆ తర్వాత ఏమీ లేదు. అమ్మయ్య, సర్దుకుంది అనుకున్నాను, డాక్టరునై ఉండి కూడా. సామాను మోసుకొచ్చిన ఒక లద్దాఖీ పెద్దాయన నన్నే చూస్తున్నాడు. "మేడమ్ జీ, కాళ్ళు తాటించడం ఆపేశారేం? వేళ్ళు తెలుస్తున్నాయా?" అని హిందీలో అడిగాడు. నొప్పి తగ్గిందన్నాను. ఆయన ముఖం మారిపోయింది. వెంటనే బూట్లు విప్పించాడు. తన కోటు లోపలి నుంచి, కడుపుకు ఆనించుకున్న ఒక జత ఉన్ని సాక్సులు తీసి ఇచ్చాడు. అవి ఒంటి వేడితో వెచ్చగా ఉన్నాయి. నా ఎడమ కాలి చిటికెన వేలు తెల్లగా, మైనంలా ఉంది. వేలు నిలిచింది, గోరు ఊడిపోయింది. ఇప్పటికీ చలికాలం రాగానే ఆ వేలు నాకంటే ముందు కనిపెడుతుంది.

ఆ పెద్దాయన దగ్గర రెండు సంగతులు నేర్చుకున్నాను. ఒకటి, నొప్పి పోవడం మంచి కబురు కాదు. చలిలో నొప్పి ఉన్నంతవరకూ వేలు బతికి ఉన్నట్టు. నొప్పి తనంతట తాను ఆగిపోతే అప్పుడు లేవాలి, జంతువు వచ్చినా రాకపోయినా. రెండోది, మారు సాక్సులు బ్యాగులో కాదు, కడుపుకు ఆనించి కోటు లోపల పెట్టుకోవాలి.

ఇక లద్దాఖ్ వెళ్ళేవాళ్ళు ఏం చేయాలి? నడిచేటప్పుడు కోటు గుండీలు విప్పేసి, టోపీ తీసేసి, నెమ్మదిగా నడవండి. కొద్దిగా చలేస్తున్నట్టు ఉండాలి. చెమట పట్టేంత వేగం వద్దు. పలచని సాక్సు, తేలికపాటి బూటుతో నడవండి. వీలైతే పెద్ద బూట్లు బ్యాగుకు కట్టుకుని మోసుకెళ్ళండి. కూర్చునే చోటు చేరాక ముందు బైనాక్యులర్స్ తీయకండి. రాతి మీద కూర్చుని బూట్లు విప్పి, పాదాలు తువ్వాలుతో తుడవండి, వేళ్ళ సందులతో సహా. తర్వాత కడుపు దగ్గరి పొడి ఉన్ని సాక్సులు, ఆ పైన పెద్ద బూట్లు. రెండు మూడు నిమిషాల పని. ఆ నిమిషాల్లోనే మంచు చిరుత వచ్చి వెళ్ళిపోతుందేమో అని భయం వేస్తుంది. వెళ్ళిపోతే పోనీయండి. మళ్ళీ వచ్చినప్పుడు చూడటానికి మీరు అక్కడ ఉండాలి కదా.

నూలు సాక్సులు మాత్రం హైదరాబాద్‌లోనే వదిలేయండి. నూలు చెమటను తాగి అట్టే పెట్టుకుంటుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు, తడిసినా కొంత వెచ్చదనం మిగుల్చుతుంది. మెరీనో ఉన్ని మెత్తగా ఉంటుంది. ఇంకా తీవ్రమైన చలికి ఒక పాత చిట్కా ఉంది, మిక్కీ మౌస్ బూటు సూత్రమే. పలచని సాక్సు, దాని మీద బ్రెడ్ ప్యాకెట్ కవరు, దాని మీద మందపాటి ఉన్ని సాక్సు. చెమట కవరు దాటి ఉన్నిలోకి రాదు. పాదం మాత్రం లోపల నానుతుంది కాబట్టి రాత్రికి విప్పి పూర్తిగా ఆరనివ్వాలి. రోజుల తరబడి నానితే ఏమవుతుందో 1914 చలికాలంలో ఫ్రాన్సు కందకాల్లో తేలింది. మన దేశం నుంచి వెళ్ళిన సైనికులూ అక్కడ ఉన్నారు. గడ్డకట్టే చలి లేకపోయినా, చల్లని బురదలో నానిన పాదాలు ఉబ్బి, నల్లబడి కుళ్ళాయి. ట్రెంచ్ ఫుట్ అన్నారు దాన్ని. అప్పుడు సైన్యం కనిపెట్టిన మందు చాలా మామూలుది. రోజూ పొడి సాక్సులు మార్చుకోవడం, తిమింగలం నూనె రాసుకోవడం, ఇద్దరిద్దరు జతగా ఒకరి పాదాలు ఒకరు పరీక్షించడం. ఆ చివరిది మీరూ చేయండి. రాత్రి గుడారంలో పక్కవాళ్ళ పాదాలు టార్చి వేసి చూడండి. మొహమాటపడొద్దు.

మూడు జతల సాక్సుల దగ్గరికి వస్తాను. బూటు సైజు అదే ఉంచి సాక్సులు పెంచితే రెండు నష్టాలు. ఉన్ని నలిగి అందులోని గాలి పోతుంది. పాదం బిగుసుకుని, అసలే తక్కువగా వస్తున్న రక్తం ఇంకా తగ్గిపోతుంది. బిగువు బూటు చలిని పిలిచి కూర్చోబెట్టినట్టే. కాబట్టి బూట్లు కొనడానికి వెళ్ళేటప్పుడు మందపాటి సాక్సులు చేతిలో పట్టుకెళ్ళండి. సాయంత్రం వెళ్ళండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. అవి తొడిగి బూటు వేసుకుని వేళ్ళతో పియానో వాయించినట్టు కదిలించండి. కదలకపోతే ఒక సైజు పెద్దది అడగండి. కూర్చున్నప్పుడు పైలేసులు వదులు చేయండి, లేచి నడిచేటప్పుడు మళ్ళీ బిగించండి.

నేల గురించి ఎవరూ ఆలోచించరు. గాలి చలి కంటే రాతి చలి, ఇనుము చలి ఎక్కువ దొంగది. అరికాలి కింద మొత్తం బరువు పడి బూటు లోపలి అట్ట నలిగిపోయి, వేడి నేరుగా నేలలోకి పోతుంది. మిన్నెసోటా అబ్బాయికి చెప్పాను, ఇనుప మంచె మీద పాత తివాచీ ముక్క వేసుకో అని. మీరు పాత యోగా మ్యాట్‌ను రెండు అడుగుల ముక్క కోసి బ్యాగులో పెట్టుకోండి. కాళ్ళ కింద ఒకటి, కూర్చోవడానికి ఒకటి. మా తాత గోనెసంచి గడ్డి చేసిన పని అదే. 1991లో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దు కొండల్లో మంచులో దొరికిన ఓట్జీ అనే మనిషి గురించి వినే ఉంటారు. అయిదు వేల ఏళ్ళకు పైబడిన శరీరం. విల్లు, అంబులపొది పక్కనే ఉన్నాయి. అతని చెప్పుల్లో లోపల చెట్టునారతో అల్లిన వల, ఆ వలలో ఎండుగడ్డి. నార్వే, స్వీడన్ల ఉత్తర కొసన ఉండే సామి జనం రెయిన్‌డీర్ తోలు బూట్లలో ఒక రకం గడ్డిని దట్టంగా కూరేవాళ్ళు. రాత్రికి తీసి ఆరబెట్టి పొద్దున మళ్ళీ కూరుకునేవాళ్ళు. దక్షిణ ధ్రువానికి వెళ్ళిన అముండ్‌సెన్ కూడా ఆ గడ్డే వాడాడు. ఆ వరసలో మా తాతను నిలబెట్టి చూసుకున్నప్పుడు నాకు గర్వంగా ఉంటుంది. ఆయనకు వీళ్ళెవరూ తెలియదు. చలి మాత్రం తెలుసు.

మీరు కూడా రాత్రి బూటు లోపలి అట్ట తప్పకుండా బయటికి తీయండి. గది వెచ్చబెట్టే బుఖారీ పొయ్యి దగ్గర, కాలిపోనంత దూరంలో ఆరబెట్టండి. సాక్సులు పడుకునే సంచిలో పెట్టుకుంటే పొద్దుటికి ఆరతాయి.

వేడి ప్యాకెట్ల సంగతి త్వరగా చెప్తాను. అందులో ఇనుపపొడి, ఉప్పు, బొగ్గుపొడి ఉంటాయి. గాలి తగిలితే ఇనుము తుప్పుపట్టి వేడి పుడుతుంది. మూసిన బూటులో గాలి తక్కువ కాబట్టి అక్కడ అంతగా వేడెక్కవు. మంచివే, కానీ వాటిని నమ్ముకుని తడి సాక్సులతో కూర్చోకండి. నేరుగా చర్మానికి తగలనీయకండి.

ఇప్పుడు కాస్త శ్రద్ధగా వినండి, ముఖ్యంగా యాభై దాటినవాళ్ళు. ఈ ఊళ్ళో షుగరు లేని ఇల్లు తక్కువ. షుగరు చాలా ఏళ్ళుగా ఉంటే అరికాళ్ళలో స్పర్శ తగ్గుతుంది. నొప్పి ఉన్నంతవరకూ వేలు బతికి ఉన్నట్టు అని ఇందాక చెప్పాను. మీకు ఆ నొప్పే రాదు. వేడి ప్యాకెట్ కాల్చినా తెలియదు. కాబట్టి మీరు అరగంటకోసారి గడియారం చూసి లేచి నడవాలి, ఒంటి మాట మీద ఆధారపడకూడదు. వేడి ప్యాకెట్లు అసలే వద్దు. బయల్దేరేముందు మీ డాక్టరు చేత పాదాలు పరీక్ష చేయించుకోండి. బీపీకి వాడే బీటా బ్లాకర్లు కూడా కొందరిలో చేతులూ కాళ్ళూ చల్లబరుస్తాయి. మందు మానేయమని కాదు, డాక్టరుకు చెప్పి వెళ్ళమని. సిగరెట్టు తాగితే నాళాలు ముడుచుకుంటాయి. రమ్ము తాగితే ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపిస్తుంది గానీ లోపలి వేడి బయటికి పారిపోతుంది. చలిలో రెండూ దగ్గరికి రానీయకండి.

(సభలో ఒకరు: వేలు నిజంగానే గడ్డకడితే రుద్దవచ్చా, డాక్టర్ గారూ?)

రుద్దకూడదు. చేతులతో వద్దు, మంచుతో అసలే వద్దు. 1812లో నెపోలియన్ సైన్యం రష్యా నుంచి వెనక్కి వస్తున్నప్పుడు, నెగళ్ళ దగ్గర కాళ్ళు కాచుకున్న సైనికుల పాదాలు ఇంకా పాడవడం లారే అనే సర్జన్ చూశాడు. అందుకని మంచుతో రుద్దమన్నాడు. నెగడు విషయంలో ఆయన గమనించింది నిజం. మొద్దుబారిన కాలికి కాలుతున్నా తెలియదు. కానీ మంచుతో రుద్దడం తప్పు. గడ్డకట్టిన కణాలు నలిగిపోతాయి. ఆ తప్పు వందేళ్ళకు పైగా పుస్తకాల్లో నిలిచింది. ఇప్పుడు చేసేది వేరు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో, చర్మం మెత్తబడి ఎర్రబడేదాకా, సుమారు అరగంట ఉంచాలి. థర్మామీటర్ లేకపోతే మీ మోచేయి పెట్టి చూడండి, పసిపిల్లల స్నానానికి చూసినట్టు. చాలా నొప్పి పుడుతుంది, పుట్టాలి. ఒక షరతు ఉంది. మళ్ళీ చలిలో నడిచి గడ్డకట్టే ప్రమాదం ఉంటే కరిగించకండి. కరిగి మళ్ళీ గడ్డకడితే నష్టం ఇంకా ఎక్కువ. ఆసుపత్రికి చేరాకే కరిగించాలి.

(మరొకరు: రుంబక్ వాళ్ళు ఏం వేసుకుంటారు?)

పాత రోజుల్లో పాబూ అనే ఉన్ని చెప్పులు వేసుకునేవాళ్ళు, పండగలప్పుడు ఇప్పటికీ కనపడతాయి. గడ్డకట్టిన జన్స్కార్ నది మీద నడిచే చాదర్ ట్రెక్‌కు వెళ్తే కూలీల కాళ్ళకు గమ్‌బూట్లు కనపడతాయి. లోపల మందపాటి ఉన్ని సాక్సులు. మంచు కింద నీళ్ళున్న చోట ఏ ఖరీదైన బూటూ వాటికి సాటిరాదు. లేహ్ బజారులో దొరుకుతాయి. కాళ్ళు చల్లబడితే వాళ్ళు వేళ్ళు ఊరికే ఆడించరు, తొడ నుంచి కాలు ఊపుతారు, గంట లోలకంలా, ముందుకీ వెనక్కీ ముప్ఫై నలభై సార్లు. రక్తం వేళ్ళదాకా దిగుతుంది. వచ్చి ఇక్కడ చేసి చూపిస్తాను.

జనవరిలో వెళ్ళే ఎనిమిది మంది బూట్లు తెచ్చుకున్నారా? ఈ బల్ల మీద పెట్టండి. సాక్సులు కూడా. ఒక్కొక్కరివి లోపలి అట్ట తీసి, చెయ్యి పెట్టి చూద్దాం. ముందు వరసలో ఉన్న అమ్మా, మీతో మొదలుపెడదాం. ఇవి మీ సైజేనా, లేక అబ్బాయివా?